తరుగు ఎక్కడ రాశారు?

అనకాపల్లి గవరపాలెంలో ఒక ఇంటి అరుగు మీద నడిచిన సంవాదం ఇది. మావయ్యకి 72 ఏళ్ళు. బెల్లం మార్కెట్లో ఒక కొట్టు దగ్గర 40 ఏళ్ళు గుమస్తాగా పద్దులు రాసిన మనిషి. భార్య పోయి రెండేళ్ళు. కొడుకు హైదరాబాదులో, కూతురు మెల్‌బోర్న్‌లో. మేనకోడలు ఇదే ఊళ్ళో పోస్టాఫీసులో పనిచేస్తుంది. మంచాన పడ్డ అత్తగారికి నాలుగేళ్ళు చేసింది. వృద్ధాశ్రమానికి వెళ్ళిపోతానని ఆయన, వెళ్ళడానికి వీల్లేదని ఆమె.

పిల్లలు తోసేస్తే పెద్దవాళ్ళు ఏడుస్తూ ఆశ్రమం గడప తొక్కే కథలు మనం చాలా చదివాం. వాటిలో అబద్ధం లేదు. అయితే నా చుట్టుపక్కల వింటున్నది వేరే మాట. తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. పిల్లలు అచ్యుతాపురం, పరవాడ కంపెనీలకి కొందరు, హైదరాబాదుకి, విదేశాలకి కొందరు వెళ్ళిపోయారు. పెద్దవాళ్ళే కాగితం, కలం తీసుకుని లెక్క వేసుకుంటున్నారు. ఆ లెక్కలో ఏం రాస్తున్నారో, ఏం వదిలేస్తున్నారో అందరికీ తెలియాలని ఈ మాటలు ఇక్కడ పెడుతున్నాను. ఇవి ఒక్క ఇంటి మాటలు కావు గనక ఎవరికీ పేర్లు పెట్టలేదు.

మావయ్య: కూర్చో. ముందు పద్దు చూడు, కోప్పడ్డం తరవాత. పైన శ్రీ రాశాను. ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు. మీ పోస్టాఫీసులోనే సీనియర్ సిటిజన్ ఖాతాలో 15 లక్షలు ఉన్నాయి. వడ్డీ 8.2 శాతం. మూడు నెలలకోసారి 30,750 పడతాయి. అంటే నెలకి 10,250. నేను ఇక్కణ్ణించి లేస్తే ఈ పాత ఇంటికి అద్దె 6,000 వస్తుంది. మొత్తం 16,250. ఆశ్రమం వాళ్ళు అడిగింది నెలకి 15,000. గది, పొద్దున్న టిఫిను, రెండు పూటలా భోజనం, సాయంత్రం టీ. డిపాజిట్ లక్ష, అది నా బ్యాంకు ఖాతాలో ఉంది. అన్నీ పోను నెలకి 1,250 మిగులుతాయి. ఇందులో నీకు తప్పేటి కనపడింది?

మేనకోడలు: కూడిక తప్పు లేదు మావయ్యా. నీ కూడిక ఎప్పుడూ తప్పు పోలేదు. కాని ఇది ఒక్క ఏడాది పద్దు. వాళ్ళు ఏటా ఎంత పెంచుతారు?

మావయ్య: ఏడెనిమిది శాతం ఉంటుందన్నారు.

మేనకోడలు: ఎనిమిదే వేద్దాం. రెండో ఏడు ఫీజు 16,200. నీకు నెలకి మిగిలేది 50 రూపాయలు. మూడో ఏడు దగ్గరదగ్గర 17,500. అప్పుడే నీకు పన్నెండు వందలు చాలవు. తొమ్మిదేళ్ళకి ఫీజు రెట్టింపై 30,000 అవుతుంది. నీ వడ్డీ మాత్రం ఖాతా తెరిచిన రోజున ఎంత ఉందో అయిదేళ్ళూ అంతే. తొమ్మిదేళ్ళకి నీకు 81. మీ అమ్మమ్మ ఎన్నేళ్ళు బతికింది?

మావయ్య: తొంభై దాటింది.

మేనకోడలు: అదీ సంగతి. నువ్వు ఆయుష్షు తక్కువ వేసి పద్దు సరిచేశావు.

మావయ్య: అసలు కూడా కొంత వాడుకుంటాను. చచ్చేటప్పుడు 15 లక్షలు కట్టుకుపోతానా ఏటి?

మేనకోడలు: అసలు తగ్గిన కొద్దీ వడ్డీ తగ్గుతుంది. అయినా ఆ మాట ఒప్పుకుంటాను, నీ డబ్బు నీ కోసమే. ఇప్పుడు అసలు ప్రశ్న అడుగుతాను. మార్కెట్లో రైతు దిమ్మలు దించగానే ముందు ఏం చెప్పేవారు?

మావయ్య: ధర. మొదటి రకానికి ఇంత, రెండో రకానికి ఇంత అని.

మేనకోడలు: చేతికి డబ్బు వచ్చేటప్పుడు?

మావయ్య: తరుగు పోను, కొలగారి కూలి పోను, కమీషను పోను. నీ ఉద్దేశం అర్థమైంది. నలభై ఏళ్ళు ఆ చీటీలు నా చేత్తోనే రాశాను. ధర అందరికీ వినపడేలా అరిచి చెప్పేవాళ్ళు. తరుగు చీటీ అడుగున ఉండేది. కొత్త రైతు ధర విని సంబరపడేవాడు, పాత రైతు చీటీ అడుగు చూసేవాడు.

మేనకోడలు: ఈ ఆశ్రమం చీటీలో తరుగు ఎక్కడ రాశారు?

ఆయన జవాబు చెప్పలేదు. సంచిలోంచి ఆశ్రమం వాళ్ళిచ్చిన కాగితం తీసి ఆమె చేతికిచ్చారు. రెండు పక్కలా అచ్చు. ముందు పక్క తోట బొమ్మ, గుడి బొమ్మ, ఫీజు. వెనక పక్క నిబంధనలు. ఆమె వెనక పక్క నుంచే చదివింది.

మేనకోడలు: కరెంటు బిల్లు మీటరు ప్రకారం వేరే. మందులు వేరే. డాక్టరు వచ్చినప్పుడల్లా ఫీజు వేరే. ఆసుపత్రికి తీసుకెళ్తే బండి ఖర్చు, వెంట ఉండే మనిషి ఖర్చు వేరే. డిపాజిట్ అని నువ్వు అంటున్నావు, ఇక్కడ ‘విరాళం’ అని ఉంది. విరాళం రసీదు పుచ్చుకుంటే తిరిగి అడగడానికి నీ దగ్గర ఏ ఆధారమూ ఉండదు. ఇక ఈ ఏడో నిబంధన చదివావా? ‘తమ పనులు తాము చేసుకోగల వారికి మాత్రమే ప్రవేశం.’

మావయ్య: చేసుకుంటున్నాను కదా. స్నానం నేనే, బట్టలు నేనే. రోజూ శారదా నది వంతెన దాకా నడిచొస్తాను.

మేనకోడలు: ప్రవేశం రోజున సరే. చేసుకోలేని రోజు వస్తే ఏం చేస్తారు? ఉంచుకుంటారా? ఇంటికి తీసుకుపొమ్మంటారా? ఉంచుకుంటే ఎంత? ఈ కాగితంలో ఎక్కడా లేదు. మావయ్యా, ఆశ్రమం ఫీజు అంటే 15,000 కాదు. నువ్వు లేవలేని నెలలో వాళ్ళు అడిగేదే అసలు ఫీజు. మా అత్తగారి లెక్క చెబుతాను విను. రోజుకి మూడు డైపర్లు, ఒక్కోటి 40 అనుకో, నెలకి 3,600. కింద రబ్బరు షీటు, పైన పాత చీరల గుడ్డలు. వీపు పుళ్ళు పడకుండా గాలి పరుపు, దాని మోటారు రెండుసార్లు పోయింది. ఇవన్నీ కొనేవి. కొనలేనిది ఒకటుంది. రెండు గంటలకోసారి మనిషిని పక్కకి తిప్పాలి. పగలూ, రాత్రీ. పదకొండుకి, ఒంటిగంటకి, మూడుకి, అయిదుకి. అలారం మోగకముందే నాకు మెలకువ వచ్చేసేది. ఇప్పటికీ మూడింటికి లేచి కూర్చుంటున్నాను, ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆశ్రమంలో రాత్రి మూడు గంటలకి నిన్ను ఎవరు తిప్పుతారు? ఎంతమందికి ఒక ఆయా?

మావయ్య: నువ్వు చెప్పిందంతా నాకు వ్యతిరేకం అనుకుంటున్నావు. కాదమ్మా, నేను వెళ్ళిపోవాలనుకోడానికి కారణమే అది. అబ్బాయి దగ్గరికి వెళ్తే, రాత్రి మూడింటికి లేచి తిప్పే ఆ పని నా కోడలు చెయ్యాలా? తను పొద్దున ఏడింటికి ఆఫీసు బస్సు ఎక్కుతుంది. నాకు ఏటవుతుంది తను? చట్టం చూశాను. తల్లిదండ్రుల పోషణ చట్టం, 2007. అందులో పిల్లలు అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలు లేదు. కలపాలని 2019లో సవరణ బిల్లు పెట్టారు గాని అది చట్టం కాలేదు. చట్టంలో పేరు లేని మనిషి మీద ఇంటిల్లిపాదీ పని మొత్తం వేస్తున్నాం.

మేనకోడలు: అది నిజమే.

మావయ్య: ఇంకోటి విను. మా అమ్మ ఆరేళ్ళు మంచంలో ఉంది. మీ అత్తయ్యే చేసింది. ఆ ఆరేళ్ళ ఎర్ర అట్ట పుస్తకాలు పెట్టెలో ఉన్నాయి, మొన్న తీసి చూశాను. మందుల ఖర్చు ఉంది, డాక్టరు ఫీజు ఉంది, గ్లూకోజు సీసాల ఖర్చు పైసలతో సహా ఉంది. మీ అత్తయ్య నిద్ర ఒక్క పేజీలో లేదు. కూలి మనిషిని పెట్టి ఉంటే రాసేవాణ్ణి. భార్య గనక రాయలేదు. తను పోయాక నాకు తెలిసింది, ఇంట్లో చేస్తే ఖర్చు లేదన్నది తప్పుడు పద్దు అని. అలాంటి పద్దు మళ్ళీ నా పేర రాయించుకోను.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పాలి. ఈ విషయంలో మావయ్యదే న్యాయం. ఆశ్రమం ఖరీదు అంటూ మనం గుండెలు బాదుకునేటప్పుడు రెండో పళ్ళెంలో సున్నా పెట్టి తూస్తాం. ఇంట్లో పెద్దవాళ్ళని చూసుకోవడం సున్నా కాదు. ఒక ఆడమనిషి ఉద్యోగం, నడుము, నిద్ర అందులో పోతాయి. జపాన్‌లో ఈ పనిని సమాజమంతా పంచుకోవాలని 2000లో ప్రత్యేకంగా బీమా పెట్టారు. అక్కడ 40 ఏళ్ళు నిండిన ప్రతివాళ్ళూ దానికి ప్రీమియం కడతారు. అంతకు అయిదేళ్ళ ముందే జర్మనీ అలాంటిది తెచ్చింది. మనకి అలాంటి బీమా లేదు. కోడళ్ళున్నారు.

మేనకోడలు: సరే, ఇంట్లో ఖర్చు ఖర్చేనని నేనూ ఒప్పుకుంటాను. కాని ఇంటి దగ్గర డబ్బు అయిపోతే ఎవరూ బయటికి పొమ్మనరు. అక్కడ అయిపోతే?

మావయ్య: అబ్బాయి కడతాడు.

మేనకోడలు: కట్టకపోతే?

మావయ్య: ఆర్డీవో ఆఫీసు ఎక్కడో నాకు తెలుసు. ఆ పోషణ చట్టం కింద ట్రిబ్యునల్లో అర్జీ పెడతాను.

మేనకోడలు: పెట్టొచ్చు. వకీలు అక్కర్లేదు, నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, ఇంకో 30 రోజులు పొడిగించుకోవచ్చు. అన్నీ బాగున్నాయి. ఎంత ఇప్పించగలరు? నెలకి 10,000కి మించకూడదని చట్టంలోనే ఉంది. 2007లో రాసిన అంకె. ఇప్పుడు నీ ఆశ్రమం మొదటి నెల ఫీజుకే అయిదు వేలు తక్కువ.

మావయ్య: సర్కారు ఆశ్రమం ఉంటుంది కదా మరి. జిల్లాకొకటి అని అదే చట్టంలో ఉంది. 2022 ఏప్రిల్ నుంచి మనదీ జిల్లానే.

మేనకోడలు: పందొమ్మిదో సెక్షను. జిల్లాకి కనీసం ఒకటి, ఒక్కోదాంట్లో 150 మందికి తగ్గకుండా. అయితే ఇంగ్లీషులో అక్కడ వాడిన మాటకి అర్థం ‘పెట్టవచ్చు’, ‘పెట్టి తీరాలి’ కాదు. పైగా అది నిరుపేదలకి. నీకు గవరపాలెంలో ఇల్లుంది, పోస్టాఫీసులో డబ్బుంది. నువ్వు దేనికీ చెందవు. ఉచితంగా చూసేవాళ్ళకి నువ్వు ఉన్నవాడివి, డబ్బు తీసుకుని చూసేవాళ్ళకి లేనివాడివి.

మావయ్య: ఆ మాట మాత్రం నిజం. విశాఖలో ప్రేమసమాజం లాంటి చోట్ల దిక్కులేనివాళ్ళని చూస్తారు, అక్కడ నేను ఒక మంచం ఆక్రమిస్తే పాపం. అటు లక్షలు పోసే ‘సీనియర్ లివింగ్’ అపార్ట్‌మెంట్లు నాకు అందవు.

మేనకోడలు: వాటి ఫీజు మీద జీఎస్టీ కూడా ఉంటుంది. ట్రస్టుగా నమోదైన ఆశ్రమం వసతి, భోజనం కలిపి నెలకి 25,000 లోపు తీసుకుంటే 60 దాటినవాళ్ళకి పన్ను లేదు. అందుకని నువ్వు చూసింది ట్రస్టా, కంపెనీయా అన్నది కూడా అడగాలి. ఇదీ రాసుకో.

మావయ్య: ఆసుపత్రి ఖర్చుకి భయం లేదులే. 70 దాటినవాళ్ళకి కేంద్రం కార్డు ఉంది, 2024 అక్టోబరులో మొదలైంది. ఆదాయంతో పని లేదు, ఏడాదికి 5 లక్షలు.

మేనకోడలు: అది ఆసుపత్రిలో చేరితే. చేరిన మనిషిని ఇంటికి పంపేశాక మంచంలో గడిచే నెలలకి కాదు. డైపరుకి, ఆయాకి ఆ కార్డు పనికిరాదు. ఆ నెలలకి ఉన్నది మన రాష్ట్రం పింఛను. మామూలు వృద్ధాప్య పింఛను 4,000. పక్షవాతంతో పూర్తిగా మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైతే 15,000. అది పెద్ద సాయమే, కాదనను. అయితే డాక్టరు సర్టిఫికెట్టు కావాలి, అర్హతలు కుదరాలి. వస్తుందని ముందే పద్దులో జమ వేసుకోకు.

మావయ్య: మరి ఇల్లు? ఇల్లు జమ కాదా? దీని మీద నెలనెలా బ్యాంకు డబ్బిచ్చే పథకం ఉందట. చచ్చాక వాళ్ళు తీసుకుంటారట.

మేనకోడలు: రివర్స్ మార్ట్‌గేజ్. 2007 బడ్జెట్లో ప్రకటించారు. అది సొంత ఇంట్లో ఉంటూ బతికేవాళ్ళ కోసం. ఏడాదిపాటు వరసగా ఆ ఇంట్లో లేకపోతే బ్యాంకు అప్పు తీర్చమనొచ్చు. నువ్వు ఆశ్రమానికి వెళ్తే ఈ ఇంట్లో ఉండవు. ఆ దారి మూసుకున్నట్టే.

మావయ్య: అబ్బాయి ఒక మాట అన్నాడు. ఇల్లు వాడి పేర సెటిల్‌మెంట్ రాసేస్తే, ఎంత పెరిగినా ఫీజు తనే కడతానన్నాడు. మంచి మాటే కదా?

ఇంతవరకు మెల్లగా మాట్లాడుతున్న మేనకోడలు ఇక్కడ గొంతు పెంచింది.

మేనకోడలు: దస్తావేజులో ఆ మాట ఉంటుందా?

మావయ్య: ఏ మాట?

మేనకోడలు: ఫీజు కడతానన్న మాట. దస్తావేజు రాసేవాళ్ళు ఏం రాస్తారో నీకు తెలియందా? ‘నీయందు నాకు గల ప్రేమాభిమానముల చేత’ అని రాస్తారు. ప్రేమాభిమానాల దగ్గరే ఆగిపోతారు. ఆ పోషణ చట్టంలోనే 23వ సెక్షను ఉంది. చూసుకుంటానన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ దస్తావేజు రద్దు చేయించుకోవచ్చు. కాని షరతు ఉండాలి. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అదే చెప్పింది, షరతు మీద రాసినట్టు రుజువు లేకపోతే ఆ సెక్షను కింద రద్దు కుదరదని.

మావయ్య: తరవాత ఇంకో తీర్పు వచ్చిందని పేపర్లో చదివాను. మధ్యప్రదేశ్‌లో ఒక తల్లి కేసు.

మేనకోడలు: 2025 జనవరి 2న. ఆ తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించారు. పెద్దవాళ్ళకి మేలు జరిగేలా చట్టాన్ని అర్థం చేసుకోవాలన్నారు. ట్రిబ్యునల్ ఇల్లు ఖాళీ చేయించవచ్చని కూడా చెప్పారు. గొప్ప తీర్పు. కాని ఆ కేసులో కొడుకు చూసుకుంటానని రాసిచ్చిన కాగితం ఉంది. నీ దగ్గర ఏముంది? ఫోన్లో అన్న మాట. వాడు చెడ్డవాడని నేను అనడం లేదు, నా చేతుల మీద పెరిగినవాడు. రేపు వాడి ఉద్యోగం పోవచ్చు, ఒంట్లో బాగుండకపోవచ్చు. ఇల్లు నీ పేర ఉన్నంతకాలం నీకు అద్దె ఉంది, అవసరమైతే అమ్ముకునే దారి ఉంది. వాడికే ఇవ్వాలనుకుంటే వీలునామా రాయి. బతికుండగా ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

మావయ్య: కొడుకుతో షరతులు రాయించుకోవాలా?

మేనకోడలు: బెల్లం రైతు నీకు బంధువైతే తూకం వెయ్యకుండా తీసుకునేవాడివా?

ఆయన నవ్వలేదు, కోపగించుకోలేదు. కాసేపు వీధిలోకి చూశారు. తరవాత కూతురి ప్రస్తావన తెచ్చారు. ఆమె మెల్‌బోర్న్‌లో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలోనే పనిచేస్తుంది. ఆస్ట్రేలియా వెళ్ళిన మన పిల్లలు చాలామంది చదువుకుంటూ ముందు దొరకపుచ్చుకునేది ఆ పనే. ఇక్కడ తల్లిదండ్రులు ఒంటరిగా ఉంటే, అక్కడ వేరేవాళ్ళ తల్లిదండ్రులకి స్నానం చేయిస్తున్నారు. ఇందులో తప్పు పట్టాల్సింది ఎవరినీ కాదు, కాని ఈ మాట రాసేటప్పుడు నాకు గుండె బరువెక్కుతుంది.

మావయ్య: మా అమ్మాయి చెప్పింది. అక్కడ ప్రాథమిక రోజువారీ ఫీజుని పింఛనుకి ముడిపెట్టారట. ఒంటరి మనిషి మూల పింఛనులో 85 శాతం. తిండికి, బట్టలు ఉతకడానికి, గది శుభ్రానికి అది. ఉన్నవాళ్ళు ఆస్తిని బట్టి ఇంకా కడతారు. గది ధర ముందే అందరికీ కనపడేలా ప్రకటించాలి. డిపాజిట్ కట్టాక సంస్థ దివాళా తీస్తే ఆ డబ్బుకి ప్రభుత్వం పూచీ.

మేనకోడలు: నేను అడుగుతున్నదీ అదే మావయ్యా. వాళ్ళంత డబ్బు మనకి లేదు, సరే. ధర ముందే అచ్చేసి చూపడానికి డబ్బు అక్కర్లేదు. మన దగ్గర 4,000 పింఛనులో 85 శాతం అంటే 3,400. దానికి ఎవరూ చూడరు. కనీసం ఎంతకి చూస్తారో, ఎప్పుడు ఇక చూడలేమంటారో రాసి ఇవ్వొచ్చు కదా.

మావయ్య: రాసి ఇమ్మని అడుగుతాను. కాని ఒక్క మాట. నువ్వు ఇన్ని చెప్పినా నేను ఇక్కడ ఒక్కణ్ణే ఉండడం ఎలా? రాత్రి బాత్రూంలో పడిపోతే పొద్దున పాలవాడు వచ్చేదాకా ఎవరికి తెలుస్తుంది? ఆశ్రమంలో పక్క గదిలో మనిషి ఉంటాడు. వాళ్ళతో మాట్లాడుకుంటూ తింటాను. రెండేళ్ళుగా ఒక్కణ్ణే కంచం ముందు కూర్చుంటున్నాను. దానికి నీ పద్దులో ఏం వేశావు?

మేనకోడలు మాట్లాడలేదు. ఆ ప్రశ్నకి ఆమె దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఆమె దరఖాస్తు ఫారం తీసి చూడసాగింది. రెండో పేజీ దగ్గర చెయ్యి ఆగింది.

మేనకోడలు: ‘స్థానిక గార్డియన్’ అన్న చోట నా పేరు రాశావు.

మావయ్య: ఊళ్ళో ఉన్నదానివి నువ్వే కదా.

మేనకోడలు: కింద ఏముందో చదువుతాను. ‘నివాసి అనారోగ్యం పాలైతే 24 గంటల్లో వచ్చి ఆసుపత్రికి తీసుకువెళ్ళుటకు, ఆసుపత్రిలో సహాయకులుగా ఉండుటకు, స్వయంగా పనులు చేసుకొనలేని స్థితిలో తిరిగి తీసుకొని పోవుటకు గార్డియన్ బాధ్యత వహించవలెను.’ మావయ్యా, తరుగు ఇక్కడ రాశారు. ఈ తరుగు నేను.

చాలాసేపు ఎవరూ ఏమీ అనలేదు. ఎదురింట్లో ఎవరో పొయ్యి మీద బెల్లం పాకం పెట్టినట్టున్నారు, వాసన వస్తోంది.

మావయ్య: నిన్ను అడగకుండా రాశాను.

మేనకోడలు: కోడలికి భారం కాకూడదన్నావు. అత్తయ్య నిద్ర పద్దులో రాయలేదని బాధపడ్డావు. నా పేరు రాసేటప్పుడు నీకు ఆ మాట గుర్తు రాలేదు.

మావయ్య: రాలేదు తల్లీ. అలవాటు. తప్పు నాదే. కొట్టేస్తాను.

మేనకోడలు: కొట్టెయ్యకు. నేనే ఉంటాను, నువ్వు నాకు మేనమామవి. కాని నేను ఏం చెయ్యగలనో, ఏం చెయ్యలేనో కూడా పక్కన రాయి. కబురు వస్తే ఆసుపత్రికి తీసుకొస్తాను. పగలు వచ్చి చూస్తాను. రాత్రుళ్ళు ఉండలేను, నా నడుము ఇంకోసారి మోయలేదు. రాత్రి మనిషికి డబ్బు నీ కొడుకు, కూతురు చెరి సగం పంపాలి. వాళ్ళ సంతకాలు కూడా ఇందులో పడాలి. అప్పుడు నాకు అభ్యంతరం లేదని చెప్పను, నువ్వు వెళ్ళడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. కాని అది నీ పద్దు, నువ్వు వేసుకోవాల్సింది.

ఆయన ఎర్ర అట్ట పుస్తకంలో కొత్త పేజీ తీశారు. ఆశ్రమానికి ఉత్తరం రాశారు. నేను దగ్గరుండి చూశాను, గుమస్తా చేతిరాత ఇంకా గుండ్రంగానే ఉంది. లక్ష డిపాజిట్టా, విరాళమా? మధ్యలో వెళ్ళిపోతే ఎంత తిరిగి ఇస్తారు, ఎన్ని రోజుల్లో? ఏటా పెంపు ఎంతకి మించదు? రాత్రి పూట ఎంతమందికి ఒక ఆయా? ఆసుపత్రిలో ఉన్న రోజులకీ పూర్తి ఫీజు కట్టాలా? సంస్థ ట్రస్టా, కంపెనీయా? చనిపోతే ఎవరికి ముందు కబురు చేస్తారు, మిగిలిన డబ్బు ఎవరికి ఇస్తారు? చివరి ప్రశ్న ఒక్కదాని కింద గీత గీశారు: ‘నేను మంచం మీద నుంచి లేవలేని నాడు నన్ను ఉంచుకుంటారా? ఉంచుకుంటే నెలకి ఎంత?’ ప్రతి ప్రశ్న పక్కనా జవాబుకి ఖాళీ వదిలి, అడుగున ఆశ్రమం ముద్రకి చోటు పెట్టారు.

సోమవారం మేనకోడలే దాన్ని స్పీడ్ పోస్టు చేసింది. జవాబు వచ్చేదాకా లక్ష కట్టరు. ఇంటి దస్తావేజు పెట్టెలోంచి తీయరు.

ఆశ్రమాలు నడుపుతున్నవాళ్ళలో మనసున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకి నా మనవి: ఫీజు అచ్చేసిన ముందు పక్కనే, అదే అక్షరాల్లో, మంచాన పడ్డ మనిషికి మీరు ఏం చేస్తారో, ఎంత తీసుకుంటారో అచ్చెయ్యండి. జిల్లా అధికారులకి మనవి: ఆ కాగితం లేకుండా ఎవరూ పైసా వసూలు చెయ్యకుండా చూడండి. ఇది చదువుతున్న పెద్దలకి, పిల్లలకి చెప్పేది ఒక్కటే. ఆ ఒక్క ప్రశ్నకి ముద్ర వేసిన జవాబు చేతికి రాకుండా అడ్వాన్సు కట్టకండి. దారి తోచకపోతే పెద్దవాళ్ళ కోసమే ఉన్న 14567 నంబరుకి ఫోన్ చెయ్యండి, దానికి డబ్బులు పడవు.